ఎనిమిదో ఏడాది దగ్గర ఆగిన టేపు

సార్ పోయారన్న కబురు నాకు గురువారం పొద్దున వచ్చింది. హాజరు పుస్తకం చేత్తో పట్టుకుని, రేపల్లెలో నేను పాఠాలు చెప్పే కాలేజీ మెట్లెక్కుతున్నాను. ఫోను చేసింది సార్ భార్య. ముప్పై ఏళ్లు ఎలిమెంటరీ స్కూల్లో పనిచేశారు కాబట్టి తెనాలిలో వాళ్ల వీధి వీధంతా ఆవిణ్ణి టీచరుగారనే అంటుంది. నేనూ అంతే.

“అమ్మాయ్, మీ సార్ వెళ్లిపోయారమ్మా,” అన్నారు. “కాఫీ తాగి గ్లాసు కింద పెట్టారు. పేపరిద్దామని వచ్చేసరికి, అంతే.”

నేను మెట్టు మీదే కూర్చుండిపోయాను. ఆవిడే మళ్లీ, “ఒక సంగతి చెప్పు. ముందు గదిలో ఆ మిషను లైటు వెలుగుతోంది. లోపల టేపు కూడా ఉంది. ఆపమంటావా, ఉంచమంటావా?” అన్నారు.

“ఉంచండి టీచరుగారూ. ఆ స్విచ్చి ఎవర్నీ ముట్టుకోనివ్వకండి,” అన్నాను.

ఆయన లేరని విన్నాక నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. ఆవిడకి ఒక్క ఓదార్పు మాట కూడా చెప్పలేదు. తర్వాత సిగ్గుపడ్డాను. కానీ ఇప్పుడు ఆలోచిస్తే, లోపల ఉన్న టేపు ఏదై ఉంటుందో నాకు ఆ మెట్టు మీదే అనుమానం వచ్చిందేమో అనిపిస్తుంది.

సార్ మీలో చాలామందికి తెలిసే అవకాశం లేదు. బాపట్లలో ఒకప్పుడు భూమిలోని నీళ్ల లెక్కలు చూసే చిన్న ఆఫీసు ఉండేది. సముద్రం వైపు ఊళ్లలో బావుల్లో నీళ్లు ఎంత లోతున ఉన్నాయి, ఎంత ఉప్పెక్కాయి అని నెలనెలా కొలిచి రాసుకోవడం దాని పని. సార్ అందులో చేరింది సైకిలు మీద ఊరూరూ తిరిగి బావిలోకి కొలతతాడు వదిలే ఉద్యోగిగా. ఆఫీసుకి కంప్యూటరు వచ్చినప్పుడు, ఈయనకి లెక్కలు బాగా వచ్చు కదా అని శిక్షణకి పంపారు. తిరిగొచ్చి, రిటైరయ్యేదాకా ఆ కంప్యూటరు గది వదల్లేదు. తను సైకిలు మీద తిరిగి తెచ్చిన అంకెల్నే కంప్యూటర్లోకి ఎక్కించి, ఏడాది అయ్యేసరికి టేపు మీదికి దింపి దాచేవారు. ఆ టేపులు పాటలు వినే క్యాసెట్ల లాంటివి కావు. ఒక్కో రీలు భోజనం పళ్లెమంత ఉంటుంది, దాని చుట్టూ వేలెడు వెడల్పున గోధుమరంగు పట్టీ.

చదువు పూర్తయిన కొత్తలో ఆరు నెలల ప్రాజెక్టు పని మీద నేను ఆ గదికి వెళ్లాను. రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో మారి, బాపట్ల వెళ్లాలి. తెనాలిలో సార్ కూడా అదే బండి ఎక్కేవారు. ఆ కంప్యూటరుకి పని చెప్పే భాష యూనిక్సు; నాకు కాలేజీలో చెప్పని ఆ యూనిక్సు అంతా ఆయన ఆ ప్యాసింజరులోనే చెప్పారు. గోడ క్యాలెండరు కాగితాలు చింపి, వెనక వైపు తెల్లగా ఉన్నచోట ఆజ్ఞలు రాసి చూపించేవారు. చుండూరు దాటేలోపు ఒకటి, నిడుబ్రోలు దాటేలోపు ఇంకొకటి. అప్పికట్ల వచ్చాక ప్రశ్నలు. నేను తప్పు చెప్తే ఎదురు సీట్లో పాలకేను పెట్టుకుని కూర్చున్న ఆవిడ వైపు తిరిగి, “చూశారా అమ్మా, ఎమ్సీయే చదివిందట,” అనేవారు. ఆవిడ, “పోనీలెండి, చిన్నపిల్ల,” అనేది. రోజూ అదే మాట.

టేపు మీదున్నది కంప్యూటర్లోకి దించడానికి యూనిక్సులో డీడీ అనే ఆజ్ఞ ఉంది. ఎదురుగా ఏముంటే అది ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తుంది. మా ఆఫీసులో డిప్యూటీ డైరెక్టర్ని కూడా డీడీగారనే అనేవాళ్లు. సార్ గొంతు తగ్గించి, “డీడీగారు చెప్పింది చెప్పినట్టు కాపీ చేస్తాడమ్మా. అందులో ఏముందో ఆయనకి అక్కర్లేదు. మన డీడీగారూ అంతే,” అనేవారు. ఆ తర్వాత ఆ పెద్దమనిషి గదిలోకొచ్చి ఏదైనా అడిగితే నేను తలెత్తేదాన్ని కాదు, నవ్వొస్తుందని.

ఆయనకి ఇంకో అలవాటు ఉండేది. ఎవరింట్లో మంచినీళ్లు ఇచ్చినా మొదటి గుక్క నోట్లోనే కాసేపు ఉంచుకునేవారు. మా పెళ్లికి రేపల్లె వచ్చినప్పుడు మా నాన్నగారు గ్లాసు అందిస్తే అలాగే పుక్కిట పట్టి, మింగి, “ఇవి మీ బోరు నీళ్లు కావు. పక్కింటి నుంచి తెచ్చారు,” అన్నారు. నిజమే. ఆ పొద్దున మా మోటారు చెడిపోయింది. నాన్నగారు తను పోయేదాకా ఆ ముచ్చట చెప్పుకునేవారు.

తర్వాత సార్ రిటైరయ్యారు, నేను రేపల్లెలో కంప్యూటర్ల లెక్చరర్ని అయ్యాను. పండక్కి ఒక ఫోను, క్రిస్మస్‌కి ఒక కేకు ముక్క, ఇలా గడిచిపోయింది. నాలుగేళ్ల క్రితం ఒకరోజు ఆయనే ఫోను చేశారు. ఆఫీసు వేరే భవనంలోకి మారుతోందట. పాత గది ఖాళీ చేస్తున్నారట. కాగితం రిజిస్టర్లు ఎప్పుడో తుఫానుకి కప్పు కారి తడిసి, తడిసినవి చెదపట్టి పోయాయి. మిగిలింది తొమ్మిది రీళ్లు, వాటిని చదివే మిషను. పాత సామానుకి వేసేస్తుంటే ఈయన అర్జీ పెట్టి అడిగి తీసుకున్నారు. ట్రాలీ ఆటోలో వేసుకుని బాపట్ల నుంచి పొన్నూరు మీదుగా తెనాలి దాకా, వెనక రీళ్లని పట్టుకుని తనే కూర్చుని వచ్చారు.

“సోఫా కొనండి, సోఫా కొనండి అని పదేళ్లుగా అడుగుతుంటే,” అని టీచరుగారు నాతో అన్నారు, “ఇదిగో, ఇది తెచ్చి సోఫా చోట్లో పెట్టారు. ఎవరన్నా వస్తే దీని మీద కూర్చోమనాలా?”

“కూర్చోకూడదు. మూత అద్దం,” అన్నారు సార్, చాలా నిజాయితీగా.

ఆ అద్దం పొగరంగులో ఉంటుంది. దాని కింద రీలు పెడితే, పట్టీ అందులోంచి విప్పుకుంటూ టేపురికార్డరులో ఉండేలాంటి చదివే గుండీ మీదుగా పోయి లోపలి ఇంకో రీలుకి చుట్టుకుంటుంది.

అప్పట్నుంచి ఆదివారాలు మా పని మొదలైంది. వాళ్లిద్దరూ చర్చి నుంచి వచ్చేసరికి నేను రేపల్లె బండి దిగి వచ్చేదాన్ని. భోజనాలయ్యాక సార్ పాత కంప్యూటరుకి మిషను తగిలించి, రీళ్లు. అన్నేళ్లు తేమలో ఉన్న టేపు జిగురెక్కుతుంది. అలాగే తిప్పితే పూత ఊడి గుండీకి అంటుకుంటుంది. అందుకని సార్ థర్మోకోలు పెట్టెలో చిన్న బల్బు, జ్వరం చూసేది కాదుగానీ అలాంటిదే ఒక థర్మామీటరు పెట్టి, రీలుని అందులో రెండు మూడు రోజులు వెచ్చగా ఉంచేవారు. టీచరుగారు అటు వెళ్తూ, “ఏవండీ, పిల్లలెప్పుడు బయటికొస్తాయి? నూకలు కొనాలా?” అని అడిగేవారు. టేపు తగిలే రబ్బరు చక్రం ఒకటి కరిగి ముద్దయితే, మెడికల్ షాపులో సెలైను గొట్టం కొనుక్కొచ్చి, బ్లేడుతో ముక్క కోసి తొడిగారు. అది ఇప్పటికీ తిరుగుతోంది. ప్రతి రీలు వెనకా ఒక ప్లాస్టిక్ ఉంగరం ఉంటుంది. అది ఉంటేనే మిషను టేపు మీద రాయగలదు; తీసేస్తే చదవడం తప్ప ఏమీ చెయ్యలేదు. సార్ మొట్టమొదట చేసిన పని తొమ్మిది ఉంగరాలూ పీకెయ్యడం. వాటిలో రెండు ఇప్పుడు టీచరుగారి వంటింట్లో నూనె సీసాల కింద ఉన్నాయి.

ఆయన మాటలు కొన్ని నాలో ఉండిపోయాయి. “చదివే ముందు ఎక్కడున్నావని దాన్ని అడుగు.” “రాని చోట రాలేదని రాయి, ఊహించి రాయకు.” “మూడు ఊళ్లలో ఉంటేగాని ఉన్నట్టు కాదు.” ఈ చివరిదాని ప్రకారం ప్రతి రీలు నకలూ ఒకటి తెనాలిలో ఆయన దగ్గర, ఒకటి రేపల్లెలో నా దగ్గర, ఒకటి బాపట్లలో ఆయన పాత సహోద్యోగి దగ్గర ఉండేవి.

టేపు తిరుగుతున్నంతసేపూ ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని అద్దంలోంచి చూస్తూ కూర్చునేవారు. “ఏం చూస్తున్నారండీ?” అంటే, “లావు,” అనేవారు. ఇటు రీలు సన్నబడుతూ అటు రీలు లావెక్కుతుంటే పని సాగుతున్నట్టు. తెర మీద ఎన్ని అంకెలు పడినా ఆయన నమ్మింది ఆ లావునే.

ఒకసారి విసుగొచ్చి అడిగాను. “ఇప్పుడు ఈ అంకెలు ఎవరిక్కావాలి సార్? ఆ బావులు సగం పూడ్చేశారు.”

ఆయన కోప్పడలేదు. “నిజాంపట్నం వైపు వెళ్లి అడుగు, మీ బావి ఎప్పుడు ఉప్పెక్కిందీ అని. ఒకాయన తుఫానప్పుడంటాడు. ఒకాయన రొయ్యల చెరువులొచ్చాకంటాడు. ఒకావిడ తను కాపురానికొచ్చిన ఏడంటుంది. అందరూ నిజమే అనుకుని చెప్తారు. దీనికి మాత్రం నెలతో సహా తెలుసు. నేను తాగి చూసి మరీ రాశాను,” అన్నారు.

రీళ్లలో ఏడోదే అన్నిటికన్నా ముఖ్యమైంది. రేపల్లె నుంచి సముద్రం దాకా ఉన్న ఊళ్ల లెక్కలన్నీ, పదకొండేళ్లవి, అందులో ఉన్నాయి. ఏడాదికొక భాగం చొప్పున వరసగా పదకొండు భాగాలు. ఆ రీలు చదవాల్సిన ఆదివారం సార్‌కి బాపట్లలో పెళ్లి పడింది.

“నువ్వు చదివెయ్యి. పెట్టెలోంచి తీసి సిద్ధంగా పెట్టాను,” అని ఫోను చేశారు.

చెప్పాల్సిన చోటికొచ్చాను. ఆ టేపు మిషనుకి యూనిక్సులో రెండు పేర్లు ఉంటాయి. ఒక పేరుతో పిలిస్తే, ఒక భాగం చదివాక పట్టీ ఎక్కడుందో అక్కడే ఆగుతుంది. మళ్లీ పిలిస్తే తర్వాతి భాగం చదువుతుంది. రెండో పేరుతో పిలిస్తే, చదవడం అవగానే పట్టీని మొదటికంటా వెనక్కి చుట్టేస్తుంది. మళ్లీ పిలిస్తే మళ్లీ మొదటి భాగమే చదువుతుంది. మధ్యలో మిషను ఆపేసినా అంతే, ఎక్కడుందో మర్చిపోయి మొదటికి చుట్టుకుంటుంది. టేపులతో పనిచేసినవాళ్లెవరైనా మొదటి రోజే నేర్చుకునే సంగతి. సార్ నాకు చుండూరు దాటకముందే చెప్పారు.

ఆ ఆదివారం నేను చుట్టేసే పేరు వాడాను. పదకొండుసార్లు.

ఎలా తెలియలేదంటే ఏం చెప్పను? టీచరుగారు వంటింట్లో గోరుచిక్కుళ్లు వలుస్తూ వాళ్ల స్కూల్లో జరిగిన ఒక ఇన్‌స్పెక్షను కథ చెప్తున్నారు. నేను వెళ్లి ఒక ఆజ్ఞ కొట్టి, మళ్లీ వచ్చి ఆవిడ పక్కన కూర్చుని కాయలు వలిచేదాన్ని. లోపల మిషను చప్పుడవుతోంది, ఆగుతోంది. ఆగినప్పుడల్లా వెళ్లి ఇంకో ఏడాది పేరు పెట్టి ఇంకోసారి నడిపేదాన్ని. అద్దంలోంచి ఒక్కసారి కూడా చూడలేదు. చూసుంటే రెండు నిమిషాల్లో తెలిసేది: అటు రీలు లావెక్కడమే లేదు. అన్ని ఏళ్ల నకళ్లూ సరిగ్గా ఒకే పరిమాణంలో వస్తుంటే, ఎంత పద్ధతిగా రాశారీయన అని మెచ్చుకున్నాను కూడా. పదకొండోసారి వెనక్కి చుట్టుకుంటూ, మొదటి దగ్గరికొచ్చి, టేపు ఠప్పున తెగింది. ఒకే ముక్క పదకొండుసార్లు అటూ ఇటూ అరిగితే తెగక ఏం చేస్తుంది?

సాయంత్రం సార్‌కి ఫోను చేసి, “అన్నీ వచ్చాయి సార్, కానీ చివర్లో టేపు తెగింది,” అన్నాను.

“పనయ్యాక తెగిందా? బుద్ధిగల టేపమ్మా,” అని నవ్వారు. వెనకాల పెళ్లి బాజాలు.

రేపల్లె బండిలో కూర్చుని, వేమూరు దాటాక, ఊరికే చూద్దామని, నా వాటా నకలు వేసుకున్న లాప్‌టాప్ తెరిచాను. మొదటి ఏడాది, జనవరి, ఫలానా ఊరు, నీళ్లు ఇన్ని అడుగుల లోతున. రెండో ఏడాది తెరిచాను. అదే ఊరు, అదే లోతు. ఐదో ఏడాది. పదకొండో ఏడాది. భట్టిప్రోలు వచ్చేసరికి పదకొండూ తెరిచి చూశాను, అన్నీ మొదటి ఏడాదే.

వెంటనే ఫోను చేసుండాలి. చెయ్యలేదు. పెళ్లిలో ఉన్నారు కదా అనుకున్నాను. మర్నాడు, ఫోన్లో చెప్పే విషయం కాదు అనుకున్నాను. తర్వాతి ఆదివారం వెళ్లాను. సార్ మామూలుగానే ఉన్నారు. ఎనిమిదో రీలు ఎక్కించాం. తెగిన రీలు మేజా కింద అట్టపెట్టెలో ఉంది. దాని వైపు చూడకుండా ఎంతసేపు కూర్చోవచ్చో నాకు ఆ రోజు తెలిసింది. నన్ను బండెక్కించడానికి ఆయన స్టేషను దాకా వచ్చారు. ప్లాట్‌ఫారం మీద ధైర్యం చేశాను.

“సార్, ఆ ఏడో రీలు…”

“ఏడో రీలు ఎక్కడికీ పోదు. ముందు రైలెక్కు, సీటు దొరకదు,” అన్నారు.

ఎక్కాను. ఆయన అడ్డం పడ్డారు కాబట్టి చెప్పలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. చెప్పే ఉద్దేశం ఉన్న మనిషి రైలు కిటికీలోంచైనా చెప్తుంది.

తర్వాత వాల్యుయేషను వచ్చింది. తర్వాత కాలేజీకి తనిఖీ అన్నారు. తర్వాత మా అత్తగారి మోకాలి ఆపరేషను. ఏవీ అబద్ధాలు కావు, కానీ వాటిలో ఏ ఒక్కటీ ఆదివారం మధ్యాహ్నాన్ని ఆపేంత పెద్దదీ కాదు. ఎనిమిదో రీల్లో మిగిలిందీ, తొమ్మిదో రీలూ సార్ ఒక్కరే పూర్తి చేశారు. మూడు నెలల క్రితం ఫోను చేసి, “కొంచెం పని మిగిలిందమ్మా. తొందరేం లేదు. వీలు చూసుకుని రా,” అన్నారు. ఏం పని అని నేను అడగలేదు. అడగకపోవడానికి కారణం మీకు తెలుసు.

గురువారం నేను వెళ్లేసరికి ఇల్లు నిండిపోయి ఉంది. సార్‌ని ముందు గదిలోనే, మిషనుకి ఇవతల పడుకోబెట్టారు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. గదిలో చోటు చాలక బంధువుల్లో ఎవరో, “పిన్నీ, ఈ పెట్టె పెరట్లో పెట్టిద్దామా?” అన్నారు.

“అది కదపకండి,” అన్నారు టీచరుగారు. “ఆయన పని మధ్యలో ఉంది.”

కాసేపటికి కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద ఫ్యాన్లు, మిషను నడుస్తున్నాయి. ఇన్ని నడిస్తే బ్యాటరీ ఆగదని ఎవరో అన్నారు. ఆవిడ లేచి ఫ్యాన్లు ఆపేశారు. ఆ ఉక్కలో అంతమంది విసనకర్రలతో, పాటల పుస్తకాలతో విసురుకుంటూ కూర్చున్నారు. గంటన్నర తర్వాత కరెంటు వచ్చింది. మిషను మీద ఆకుపచ్చ లైటు మధ్యలో ఒక్కసారి కూడా ఆరలేదు. నేనేమో ఫోన్లో ఒక్క మాట అన్నాను, అంతే. ఆవిడ దాన్ని అలా నిలబెట్టారు.

శుక్రవారం భూస్థాపన. ఆదివారం ఇంటివాళ్లని ఓదార్చే ఆదరణ కూడిక. అది ముగిసి, కుర్చీలు వెళ్లిపోయాక, మధ్యాహ్నం ఇద్దరమే మిగిలాం. ఎప్పుడూ మా పని మొదలయ్యే వేళ. నేను వెళ్లి మొదటిసారి అద్దంలోంచి చూశాను. ఏడో రీలే. పక్కన మేజా మీద మూత తెరిచిన రీలు డబ్బా, అందులో కత్తిరించి తీసిన టేపు ముక్క, ఒక చాక్లెట్ కాగితం. టేపు మొదలు ఎక్కడో మిషనుకి తెలియడానికి మెరిసే బిళ్ల ఒకటి అతికించి ఉంటుంది. తెగిన ముక్కతో పాటు అది పోయింది కాబట్టి, సార్ చాక్లెట్ మీది వెండి కాగితం సన్నగా కోసి కొత్త మొదలు అతికించుకున్నారు. పోయిన ముక్క మొదటి ఏడాది మొదట్లోది. అదొక్కటే మనకి బోలెడన్నిసార్లు వచ్చింది కదా.

పక్కనే ఆయన నోటు పుస్తకం. చదివిన ప్రతి భాగానికీ, నకలు సరిగా ఉందో లేదో సరిచూసుకునే అంకె ఒకటి రాసిపెట్టుకునేవారు. ఏడో రీలు పేజీలో మొదటి వరస పాత సిరాతో ఉంది. తర్వాత ఏడు వరసలు కొత్త సిరాతో. దాని కింద తొమ్మిది, పది, పదకొండు అని వరస నంబర్లు వేసి, ఎదురుగా ఖాళీగా వదిలేశారు.

“టీచరుగారూ, సార్‌కి తెలుసా?” అని అడిగాను. ఏం తెలుసా అని ఆవిడ అడగలేదు.

“పెళ్లి నుంచొచ్చిన రాత్రే చూసుకున్నారు. నవ్వారు కూడా. ‘ఒకే నూతిలో పదకొండుసార్లు చేద వేసిందే’ అన్నారు. చెప్పండి పిల్లకి, అన్నాను. ‘అదే చెప్తుంది, చెప్పనీ’ అన్నారు.” ఆవిడ కాసేపు చేతిలో కొంగు చూసుకున్నారు. “తర్వాత నువ్వు రావడం తగ్గించావు. అప్పుడు కొంచెం దిగులుపడ్డార్లే. అబద్ధమెందుకు?”

నేను నోటు పుస్తకంలో కొత్త సిరా వరసల మీద వేలు పెట్టాను.

“ఈమధ్యే టేపు అతికించి మళ్లీ మొదలెట్టారు. ఎనిమిది దాకా చదివారు. సోమవారం ఆపేశారు. ఎందుకాపారండీ, ఊరికే కరెంటు కాలుతోంది అంటే, ‘మిగతా మూడూ దాని చేత చదివిస్తా. లేకపోతే ఆ పిల్ల జన్మలో టేపు ముట్టుకోదు. ఆదివారం రమ్మని ఫోను చేస్తా’ అన్నారు.” ఆవిడ గోడ మీది క్యాలెండరు వైపు చూశారు. “ఈ ఆదివారమే.”

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. టేపు అతుకు ఎంత కాలం నిలుస్తుందో తెలియదు. ఇంకోసారి మొదటికి చుట్టుకుంటే తెగొచ్చు. ఈసారి తెగితే చాక్లెట్ కాగితం అతికించే ఆ చేతులు లేవు. చదివే ముందు ఎక్కడున్నావని అడిగాను. ఎనిమిది భాగాలు దాటి ఉన్నానంది. ఆజ్ఞ కొట్టాను. చుట్టని పేరే. మళ్లీ చూసుకున్నాను. చెరిపి మళ్లీ కొట్టాను. వేలు మీట మీద పెట్టి మళ్లీ చదివాను.

“ఇంకెంతసేపు చూస్తావు? అది నిన్ను కరవదు,” అన్నారు టీచరుగారు, సరిగ్గా సార్ కుర్చీ వేసుకునే చోట స్టూలు మీద కూర్చుని.

నొక్కాను. మిషను గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు చేసి కదిలింది. నేను తెర వైపు చూడలేదు. అద్దంలోంచి లావు చూస్తూ కూర్చున్నాను. ఇటు రీలు సన్నబడుతోంది, అటు రీలు లావెక్కుతోంది. తొమ్మిదో ఏడాది వచ్చింది. పట్టీ ఆగిన చోటే ఆగింది. అంకె తీసి నోటు పుస్తకంలో రాశాను. పైన ఎనిమిదింటిలో దేనితోనూ కలవలేదు. ఒక అంకె ఇంకోదానితో కలవనందుకు అంత సంతోషం నాకు జీవితంలో ఎప్పుడూ కలగలేదు. పదో ఏడాది వచ్చింది. పదకొండోదాంట్లో మిషను రెండుచోట్ల తడబడింది. వెనక్కి జరిగి, మళ్లీ ప్రయత్నించి, ఒక చోట చదివింది, ఇంకో చోట చదవలేక దాటిపోయింది. ఆగస్టు నెల సగం ఊళ్లు రాలేదు. అవి ఏమై ఉంటాయో జులై, సెప్టెంబరు చూసి ఊహించొచ్చు. ఊహించలేదు. ‘రాలేదు’ అని రాశాను.

చదవమని టీచరుగారు అడిగారు. మొదటి పది వరసలు పైకి చదివాను. ఊరు, నెల, నీళ్లు ఎన్ని అడుగుల లోతున, ఉప్పు ఎంత. ఒక ఊరి పేరు దగ్గర ఆవిడ, “అక్కడికెళ్లినప్పుడే సైకిలు చైను తెగి, నడుచుకుంటూ వచ్చారు. చెప్పులు చేత్తో పట్టుకుని,” అన్నారు. మరో ఊరి పేరు దగ్గర తలూపారు.

సార్ నన్ను క్షమించి ఆ మూడూ వదిలారా, పరీక్ష పెట్టారా, లేక ఆయనకది అసలు అంత పెద్ద విషయమే కాదా? నాకిప్పటికీ తెలియదు. నేను ఫోను చేసుంటే తెలిసేది. ఇది చదివే మీలో ఎవరికైనా ఇలా చెప్పకుండా ఉండిపోయిన మాట ఉంటే, నేను సలహా ఇచ్చేంతదాన్ని కాను. నా సంగతి మాత్రం చెప్పాను.

నకళ్లు మూడు తీశాను. ఒకటి బాపట్లకి, ఒకటి నాతో రేపల్లెకి, ఒకటి ఆ మేజా మీద. రైలు వేళవుతోంది. లేచాను.

“అయితే ఇంక ఆపెయ్యొచ్చా?” అన్నారు టీచరుగారు.

“ఆపొచ్చండి. వచ్చేదంతా వచ్చేసింది.”

ఆవిడ గోడ దగ్గరికి వెళ్లి స్విచ్చి మీద వేలు పెట్టారు. పొగరంగు అద్దం కింద టేపంతా ఇవతలి రీలు ఖాళీ చేసి అవతలి రీలు మీద నిండుగా చుట్టుకుని, కదలకుండా ఉంది. ఆవిడ దాన్నే చూస్తూ నిలబడ్డారు. తర్వాత వేలు తీసేసి, కొంగుతో అద్దం మీది దుమ్ము తుడిచారు.

“ఉండనీలే, ఇవాళ్టికి,” అన్నారు.

నేను గేటు వేస్తూ వెనక్కి చూస్తే, ముందు గది కిటికీలో ఆకుపచ్చ లైటు వెలుగుతూనే ఉంది.